రంగుగాజు గుమ్మటము: నిర్మాణ రక్షణములయందు ఆగమాదేశ విచారము

సాహిత్యపరిశోధనమునకై వెలువడు పత్రికయందు గాజుపనిని గూర్చి వ్రాయుట అనుచితమని కొందఱు తలంపవచ్చును. గాజు శిల్పులది, గ్రంథము పండితులది; ఈ రెంటికిని సంబంధమేమి యని యడుగవచ్చును. కాని ప్రాఁతదైన కృతి యొకటి మన చేతఁ బడినపుడు దానిని దిద్దవలయునా, కాపాడవలయునా యను ప్రశ్న శిల్పికిని గ్రంథపరిష్కర్తకును సమానమే. ఈ ప్రశ్నకు రంగుగాజు శిల్పమున లభించినంత స్పష్టమైన సమాధానము నాకు వేఱొకచోట లభింపలేదు. కావున ఆ శిల్పము పుట్టు విధమును, చెడు విధమును, దానిని నిలుపుకొను విధమును సంగ్రహముగాఁ దెలిపి, తుదకు మన గ్రంథములకు వర్తించు అంశమును సూచింతును.

మొదట శబ్దవిచారము. తెలుఁగున గాజు అనునది సంస్కృత కాచశబ్దమునకుఁ దద్భవము. అది ద్రవ్యమునకును బేరు, ముంజేతి యాభరణమునకును బేరు. ద్రవ్యనామము ఆభరణమునందు రూఢమై, తుదకు బంగారముతోఁ జేసినదియు బంగారుగాజే, లక్కతోఁ జేసినదియు లక్కగాజే యైనది. అమరసింహుఁడు వైశ్యవర్గమునఁ గాచశబ్దమును క్షారశబ్దముతోఁ గూర్చి చెప్పెను. ఇది మిక్కిలి సార్థకము. గాజునకు మూలద్రవ్యము ఇసుక. ఇసుక యొక్కటియే కరఁగవలయునన్నచో సామాన్యమైన కొలిమికి సాధ్యము కానంత వేఁడిమి కావలయును. క్షారము చేర్చినచో నది తక్కువ వేఁడిమికే కరఁగును. సున్నము చేర్చినచో నీటికిఁ గరఁగక గట్టిపడును. కాఁబట్టి క్షారము లేనిదే కాచము లేదని కోశకారుని కూర్పే సూచించుచున్నది.

ఇఁక శిల్పము మాట. గోడమీఁది చిత్రమును జూచునపుడు వెలుఁగు చిత్రముపైఁ బడి, మరలి మన కంటికి వచ్చును. రంగుగాజు చిత్రమునందు వెలుఁగు చిత్రముగుండఁ జొచ్చి వచ్చును. మొదటిదానికి వెలుఁగు సాక్షి. రెండవదానికి వెలుఁగు ద్రవ్యములలో నొకటి. అందుచేతనే సూర్యుఁ డస్తమించినతోడనే లోపల నున్నవారికి ఆ చిత్రము నల్లని పలకగా మాఱును. ఉదయమున నొక తీరుగాను, మధ్యాహ్నమున నొక తీరుగాను, మబ్బు కమ్మినపుడు వేఱొక తీరుగాను దోఁచును. కిటికీయందలి చిత్రము మన యెదుట నిలుచును; గుమ్మటమునందలి చిత్రము మన చుట్టును నిలుచును. ద్రష్ట చిత్రములోనికి నడచి పోవును. ఇట్టి గుమ్మటములు లోకమునఁ గొలఁదిగా నున్నవి. మన ప్రాంతమున నున్నవి గవాక్షములు. గవాక్షముల నెఱిఁగినగాని గుమ్మటమును దెలియరాదు గనుక వానితోనే యారంభింతము.

సికింద్రాబాదు దండుప్రదేశముగా వెలసిన నగరము. దండుతోఁ బాటు గిరిజాలును వెలసినవి. బొలారమునందు 1847లోఁ గట్టఁబడిన హోలీ ట్రినిటీ చర్చిలో రంగుగాజు గవాక్షములు గలవు. కాని తెలంగాణమున నీ శిల్పమునకుఁ బరమోదాహరణము కావలయునన్నచో సికింద్రాబాదునకు ఉత్తరముగా సుమారు నూఱు కిలోమీటర్ల దూరమున నున్న మెదకునకుఁ బోవలయును. 1895లో సికింద్రాబాదునకు వచ్చిన వెస్లియను మిషను ప్రచారకుఁడు చార్లెసు వాకరు పాస్నెట్టుగారు తరువాత మెదకు చేరి, అచ్చట నొక మహామందిరమును దలపెట్టిరి. 1914లోఁ బునాది పడెను. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగెను. కఱవుచేఁ గూలి దొరకక యలమటించు జనులకుఁ బనియుఁ గూడును గల్పించుట యీ నిర్మాణమునకు ముఖ్యోద్దేశములలో నొకటి. మందిరము పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు. గంటగోపురము ఎత్తు 175 అడుగులు.

ఈ మందిరమునఁ బెద్ద గవాక్షములు మూఁడు. బలిపీఠము వెనుక ఉత్తరమునఁ గ్రీస్తు స్వర్గారోహణము, పడమటి పార్శ్వశాలలో జననము, తూర్పు పార్శ్వశాలలో శిలువవేఁత. ఈ మూఁటిని రచించినవాఁడు ఫ్రాంకు సాలిస్‌బరీ యను ఆంగ్లేయ చిత్రకారుఁడు (1874–1962). ఆయన బాల్యమున సెయింట్ ఆల్బన్సు నగరమునఁ దన యన్నగారి రంగుగాజు కార్ఖానాలోనే పని నేర్చెను. ఆరోహణ గవాక్షము 1927లోను, జనన గవాక్షము 1947లోను, శిలువ గవాక్షము 1958లోను నమర్పఁబడినవి. మొదటిదానికిని గడపటిదానికిని నడుమ ముప్పదియొక సంవత్సరములు. ఉత్తరపు గవాక్షముపై సంవత్సరమున నధికభాగము నేరెండ పడదు గనుక దాని వెలుఁగు నిలుకడగా నుండును. తూర్పుది ప్రొద్దుట జ్వలించును, పడమటిది సాయంకాలము జ్వలించును. దినమంతయుఁ జూడనివాఁడు ఆ మందిరమును సగమే చూచినవాఁడు.

ఇట్టి చిత్రము పుట్టు క్రమ మెట్లన: చిత్రకారుఁడు తొలుత గవాక్షమంత కొలత గల నమూనాను గాగితముపై వ్రాయును. అందలి గీఁతలు రెండు తెగలవి. కొన్ని రూపమును దెలుపునవి. కొన్ని గాజు తెగవలసిన చోటులను దెలుపునవి. నేర్పరి యైనవాఁడు ఈ రెండును ఒక్కటే యగునట్లు కూర్చును. వస్త్రపు మడత, చేతి యంచు, ఱెక్క మొన – ఈ చోటులనే ఛేదరేఖ నడచును. పదచ్ఛేద మెఱుఁగనివాఁడు పద్యమును జదివినట్లే, ఛేదస్థాన మెఱుఁగనివాఁడు ముఖముమీఁదుగా గీఁతను నడపి రూపమును జెఱచును.

రంగు గాజునకుఁ బైపూఁత కాదు. కరఁగునపుడే దానితోఁ గలియును. నీలమునకుఁ గోబాల్టు భస్మము, ఊదాకు మాంగనీసు, ఆకుపచ్చకు ఇనుము గాని రాగి గాని, ఎఱుపునకు రాగి గాని బంగారము గాని కారణము. రాగివలనఁ గలుగు నెఱుపు చాల ముదురు. పలక మందమంతయు నదియే యైనచో వెలుఁగు సాఁగదు. అందుచేఁ దెల్లని గాజుమీఁదఁ బలుచని యెఱ్ఱని పొర నెక్కింతురు. పదునాల్గవ శతాబ్ది యారంభమున ఐరోపా శిల్పులు వెండి లవణమును గాజుమీఁదఁ బూసి కాల్చి పసుపువన్నెను దెచ్చు నుపాయమును నేర్చిరి. అంతవఱకుఁ దలవెండ్రుకలకు నొక గాజును, ముఖమునకు నొక గాజును వేఱుగాఁ గోయవలసి యుండెను. ఈ యుపాయముచే నొక్క ముక్కయందే రెండు వన్నెలు సాధ్యమైనవి.

వజ్రపు మొనతోఁ గాని, ఉక్కు చక్రముతోఁ గాని ముక్కలను గోసిన పిదప, కన్నులు, వ్రేళ్లు, నీడలు మున్నగువానిని వ్రాయుదురు. దీనికి వాడు సిరా ఇనుపభస్మమును గాజుపొడిని గలిపి నూఱినది. ఈ వ్రాఁతను గొలిమిలో సుమారు 600 మొదలు 650 సెంటీగ్రేడు డిగ్రీల వఱకుఁ గాల్చినచో గాజు పైపొర మెత్తబడి, వ్రాఁత దానిలోఁ గలిసిపోవును. కాఁక తక్కువ యైనచో నది నిలువదు; నూఱేండ్ల తరువాత తడిబట్టతోఁ దుడిచినను బోవును. కాల్చినవాని యేమఱుపాటు మనుమని కాలమునఁ గాని బయలుపడదు.

అటుపైఁ గూర్పు. రెండు ప్రక్కలను గాడి గల సీసపుఁబట్టెలలో ముక్కలను జొనిపి, పట్టెలు గలియు ప్రతిచోటను దగరము గలిపిన సీసముతో రెండువైపులను మాటు వేయుదురు. సున్నపుఁబొడిని అవిసెనూనెతోఁ గలిపిన లప్పమును గాడులలోఁ గూరి నీరు చొరకుండఁ జేయుదురు. పలకను నిలువఁబెట్టునపుడు అడ్డముగా నినుపకమ్ములు నిలిపి, రాగితీఁగలతోఁ బలకను వానికిఁ గట్టుదురు. వ్యాకరణమువారి మాటలోఁ జెప్పవలయునన్నచో గాజుముక్కలు పదములు, సీసము సంధి, ఇనుపకమ్మి వాక్యమును మోయు క్రియ. సంధి విడిన మాత్రమునఁ బదము నశింపదు. మఱల సంధి చేయవచ్చును. పదము నశించెనా, సంధి యేమి చేయఁగలదు?

గవాక్షమునకుఁ జెప్పినదంతయు గుమ్మటమునకుఁ జెల్లును గాని, యిబ్బందులు రెట్టింపగును. నిలువుపలకయందు బరువు క్రిందికి దిగి చట్రముమీఁదఁ బడును. గుమ్మటమునఁ బలక వాలియుండును గనుక మెత్తని సీసము తన బరువునకే కాలక్రమమున సాఁగి, పలక లోనికిఁ గ్రుంగును. ఎండకు వ్యాకోచము, రాత్రికి సంకోచము. వాన నేరుగాఁ బైనిఁ బడును. అందుచే గుమ్మటమునకు లోహపు టెముకలగూడు కావలయును. గాజుపలకలు చిన్నవిగా నుండవలయును. వానకుఁ బైన వేఱొక తెల్లగాజు కప్పు నుండవలయును. చికాగో నగరమున 1897లోఁ గట్టఁబడిన గ్రంథాలయభవనమున టిఫనీ శిల్పశాలవారి గుమ్మటము గలదు. దాని వ్యాసము 38 అడుగులు. గాజుముక్కలు సుమారు 30,000. దానిని గాపాడుటకని 1930ల కాలమునఁ బైన కాంక్రీటును రాగిని గప్పిరి. వానబాధ తొలఁగెను గాని వెలుఁగు పోయెను. దీపములతోఁ జూపవలసిన దయ్యెను. 2008లో ఆ కప్పును దొలఁగించి పునరుద్ధరించిన తరువాతనే దానిపై మఱల పగటివెలుఁగు పడినది. రక్ష్యవస్తువు ప్రాణమెందున్నదో యెఱుఁగని రక్షణము రక్షణము గాదని దీనివలనఁ దెలియుచున్నది.

పూర్ణగోళముగా, మనుష్యుఁడు నడుమఁ బ్రవేశించునట్లు నిర్మింపఁబడిన గాజుకృతి బోస్టను నగరమున నున్నది. దానికి మాపేరియమని పేరు. 1935లో ఛెస్టరు చర్చిలు అను వాస్తుశిల్పి యుద్దేశము ప్రకారము క్రైస్తవ విజ్ఞానమతమువారి ప్రచురణాలయమునఁ గట్టఁబడెను. వ్యాసము 30 అడుగులు; గాజుపలకలు 608. పలకలు కంచు చట్రమున నమరినవి; రంగులు గాజుపై వ్రాసి కాల్చినవి. లోపలి తలమున భూగోళపటము వ్రాయఁబడినది. నడుమ గాజువంతెన గలదు. దానిపై నిలిచి చూచిన భూమండల మంతయు మన చుట్టును వెలిఁగించుచుండును. బయటినుండి చూచు గోళమున సగమే కనఁబడును, అంచులు వంగి కుఱుచయగును. లోపలినుండి నడుమ నిలిచినవానికిఁ బ్రతిస్థలమును సమదూరమున నుండుటచే దేశముల పరిమాణములు యథార్థముగాఁ దోఁచును. శబ్దమునకును విచిత్రము గలదు. వంతెన యొకకొనను గుసగుసలాడిన మాట రెండవకొనను స్పష్టముగా వినఁబడును. గోలకొండలో ఫతేదర్వాజా గుమ్మటము క్రింద చప్పట్లు కొట్టిన బాలాహిస్సారున వినఁబడుట మనవారెఱిఁగినదే. అచ్చట దూరము, ఇచ్చట గోళాకృతి విశేషము.

ఇఁక నీ కృతులు చెడు విధము. జనులు సామాన్యముగా గాజు పగులుననియే భయపడుదురు. కాని మొదట ముసలిదగునది గాజు గాదు, సీసము. నూఱేండ్లకు అటునిటుగా సీసము పెళుసుబాఱి మాటులయొద్ద చిట్లును. లప్పము రాలును. పలక వంగును. వంగిన పలకలో గాజునకు నొత్తిడి కలిగి యపుడు పగులును. తేమ నిలిచినచోఁ బొటాషు ఎక్కువగాఁ గల ప్రాఁతగాజు మీఁద గుంటలు పడును, బూజు వట్టును. పావురములు, విసరిన రాళ్లు, ప్రక్కనడుచు బండ్లు లేపు ధూళి, ఇనుపకమ్ములకుఁ బట్టు త్రుప్పు మఱికొన్ని శత్రువులు. వీనికన్నిటికన్నను గొప్పశత్రువు తెలియక చేయు శుభ్రము. ఇసుకతోనో, ఆమ్లముతోనో తోమినవాఁడు ముఱికితోఁ బాటు శిల్పి వ్రాసిన కన్నులను గూడఁ దుడిచివేయును.

సీసపు బలమును గూర్చి యొక నిదర్శనము గలదు. ఇంగ్లండున యార్కు నగరపు మహామందిరమునకు 1984లో నిప్పంటుకొనెను. అందలి గులాబిగవాక్షమున సుమారు 7,000 ముక్కలు గలవు. వేఁడికి వానిలో నలువది వేల పగుళ్లు పడినవి. ఐనను అది రాలిపోలేదు. కొలఁది సంవత్సరములకు ముందే దానికిఁ గ్రొత్తసీసము వేసియుండిరి. ఆ సంధిబలమే పగిలిన ముక్కలను జోటు దప్పనీయలేదు. తరువాత వానిని జిగురుతో నతికి, మఱల నమర్చిరి. పగిలినదని పాఱవేసి క్రొత్తగాజు వేయుట సులువైన పని. వారట్లు చేయలేదు.

ఇచ్చట వ్యాకరణశాస్త్రసంకేతములు నాకు మిక్కిలి తోడ్పడినవి. ఆగమము మిత్రునివలె వచ్చును, ఆదేశము శత్రువువలె వచ్చును అని వైయాకరణుల వ్యవహారము. ఆగమము ప్రకృతి ప్రక్కను నిలుచును, దేనిని దొలఁగింపదు. ఆదేశము స్థానిని వెడలఁగొట్టి దాని చోటఁ గూర్చుండును. లోపమనఁగా నున్నదాని యదర్శనమని శాస్త్రము, శూన్యమని కాదు. ఈ మూఁడు సంకేతములతో గాజురక్షణవిధుల నన్నిటిని దెలిసికొనవచ్చును.

1952లో ఐరోపావిద్వాంసులు మధ్యయుగపు రంగుగాజునంతయుఁ బరిశీలించి గ్రంథస్థము చేయుటకుఁ గార్పస్ విట్రియారుమను సమాజము నేర్పఱచిరి. యుద్ధమునఁ గలిగిన నష్టము వారి కన్నులు దెఱపించినది. ఫ్రాన్సున షార్‌త్ర నగరపు మందిరగవాక్షములను 1939లో నూడఁదీసి దూరమున దాఁచి, యుద్ధానంతరము మఱల నమర్పవలసి వచ్చెను. ఆ సమాజమువారు తరువాత రక్షణనియమములను గూడఁ బ్రకటించిరి. నేఁడు సమర్థులైన శిల్పు లనుసరించు పద్ధతి యిది: ముట్టుటకుముందు ప్రతిపలకకును ఛాయాచిత్రము తీయవలయును. సీసపుఁగూర్పును గాగితముపై రుద్ది ముద్ర యెత్తవలయును. ముఱికిని మెత్తని కుంచెతోను, శుద్ధజలముతోను, వ్రాఁత నిలుకడను బరీక్షించిన పిదపనే తీయవలయును. వంగినదంతయు విప్పవలసినది కాదు. సీసము మోయఁగలిగినంతకాలము దానిని నుంచవలయును. పగిలిన ముక్కను అంచులకుఁ బారదర్శకమైన జిగురు పెట్టి యతుకవలయును. వెలుపల వేఱొక తెల్లగాజును నిలిపి, నడుమ గాలి యాడునట్లు సందు విడువవలయును. ఈ తెల్లగాజే ఆగమము. అది వానను దాను భరించి ప్రాఁతగాజును దడియనీయదు; అవసరమైనపుడు తీసివేయవచ్చును. గాలికి సందు లేనిచో తేమ లోపల నిలిచి మిత్రుఁడే శత్రువగును.

ఇఁక ముక్క పూర్తిగాఁ బోయినచో? ఆదేశము తప్పదు. కాని యపుడును నియమము గలదు. క్రొత్తముక్క స్థానివలె ప్రవర్తింపవలయును, స్థాని నని చెప్పుకొనరాదు. దూరమునుండి చూచువానికి చిత్రము కుంటుపడరాదు. దగ్గఱనుండి చూచువానికిఁ గ్రొత్తది క్రొత్తదిగాఁ దెలియవలయును. అందుచే నంచున సంవత్సరమును గీయుదురు, లేదా పత్రమునఁ జేర్తురు. వ్రాఁత చెఱిఁగినచోటఁ దొందరపడి మఱల వ్రాయరు. ఏలయన వ్రాఁత పోయినను గాజుమీఁద దాని నీడ యేటవాలు వెలుఁగునఁ గొన్నిచోటులఁ గానవచ్చును. అదర్శనమును శూన్యమని భ్రమించి పైని వ్రాసినవాఁడు ఆ నీడను గూడఁ జంపును.

బోస్టను గోళమునఁ బ్రశ్న మఱింత తీవ్రమైనది. అది 1935 నాఁటి రాజకీయపటము. పాకిస్తాను అప్పటికి లేదు. థాయిలాండునకు సయామనియే పేరు. ఆఫ్రికాలో నధికభాగము ఐరోపా రాజ్యముల వలసలు. ఆ గోళమును గట్టినవారే రాజ్యసీమలు మాఱునని యెఱిఁగి, పలకలను విడదీసి మార్చుటకు వీలుగా నమర్చిరి. అనఁగా నాదేశమునకై చోటు విడిచియే నిర్మించిరి. తరువాతఁ బలుమాఱు క్రొత్తసీమలను వ్రాయవలయునా యను చర్చ వచ్చినది. వ్రాయరాదనియే ప్రతిపర్యాయమును దీర్మానము. పటముగాఁ జూచిన నది తప్పు. కృతిగాఁ జూచిన నది 1935 సాక్ష్యము. ఒక్క పలక మార్చినచో నది 1935 పటమును గాదు, నేఁటి పటమును గాదు. 1998లో దానిని మూసి, శుభ్రపఱచి, వెలుఁగును దీర్చిదిద్ది, 2002లో మఱల దెఱచిరి. వెనుకనుండి వెలుఁగునిచ్చు ప్రాఁత విద్యుద్దీపములకు మాఱుగాఁ గ్రొత్తరకపు దీపములు వచ్చినవి. వెలుఁగు మాఱినది, వ్రాఁత మాఱలేదు.

మన మెదకు గవాక్షములకును నిది వర్తించును. 1927లో మొదటిది నిలిచినపుడు ఆ యూరు నిజాము రాజ్యము; 1947లో రెండవది నిలిచిన సంవత్సరముననే భారతదేశము స్వతంత్రమయ్యెను, నిజాము రాజ్య మింకను నిలిచియున్నది; 1958లో మూఁడవది నిలిచిననాఁటికి ఆంధ్రప్రదేశము; 2014నుండి తెలంగాణము. నాలుగు పటములు మాఱినవి, గాజు మాఱలేదు. అయితే 2027తో మొదటి గవాక్షమునకు నూఱేండ్లు నిండును. సీసము వయసును గూర్చి పైనఁ జెప్పితిని. మన ప్రాంతపు రంగుగాజు లన్నిటికి, చిన్న గిరిజాలలోనివానికిని, నవాబుల మేడలలోనివానికిని, మరమ్మతు ప్రశ్న నేఁడో ఱేపో తప్పక వచ్చును. అపుడు అంగడిలో దొరకిన రంగుపలకను గోసి యతికించు చేతికిఁ బని యిచ్చుటయా, కూర్పుముద్రలను ముందుగా నెత్తి యుంచుకొనుటయా యనునది ఇప్పుడే తేల్చుకొనవలసిన విషయము.

గ్రంథములకు వత్తము. నే నీ విషయమున నధికారముతోఁ జెప్పుటలేదు, పశ్చాత్తాపముతోఁ జెప్పుచున్నాను. యౌవనమున నాకొక తాళపత్రప్రతి చేతికి వచ్చినది. అందొక పద్యమున నాకుఁ దెలియని దేశ్యపదము కనఁబడినది. వ్యాకరణగర్వముచే దానిని లేఖకదోషమని నిశ్చయించి, ఛందస్సునకు సరిపోవు సంస్కృతపదము నొకటి నిలిపి, శుద్ధప్రతిలో దానినే వ్రాసితిని. అడుగున గుఱుతు పెట్టలేదు. కొన్నియేండ్లకు ఆ తాళపత్రములు చెదలపాలైనవి. అటుపైఁ బాలమూరు పల్లెలో నొక వృద్ధురాలు వ్యవసాయపు మాటలలో నట్టి ధ్వని గల పదమును బలుకఁగా విని యదరిపడితిని. ప్రాఁతపదము నదియేనా యని యెంత స్మరించినను నాకిప్పుడు నిశ్చయము లేదు. నా పాఠ మొక్కటియే మిగిలినది. స్థానిని వెడలఁగొట్టిన యాదేశమును నేనే. ఆ ముక్కను మఱల నెవ్వఁడును నతుకలేఁడు.

మన పూర్వులలో ఈ ధర్మము నెఱిఁగినవారు లేకపోలేదు. నన్నయభట్టారకుఁ డారణ్యపర్వమును నడుమ విడిచి కీర్తిశేషుఁడైనపుడు ఎఱ్ఱాప్రగడ శేషభాగమును బూరించెను. తన కాలపు ప్రభువుపేరఁ గాక రాజరాజనరేంద్రుని పేరనే నడపెను. నన్నయ వ్రాసినంత మేరఁ దాను ముట్టలేదు. పోయినచోటనే పూరణము, ఉన్నచోట మౌనము. ఇట్టిది స్థానివద్భావము. పందొమ్మిదవ శతాబ్దిలో సీ. పీ. బ్రౌనుగారు కడపలోఁ బండితులను గూర్చి అనేక ప్రతులను సేకరించి పాఠములను బోల్చి చూపించుటయు నిట్టి జాగరూకతయే. ఒక్క ప్రతినే నమ్మిన నా తొందరపాటునకు వారి పద్ధతి సమాధానము.

కావునఁ బాఠశాలాపండితులకును, పరిష్కర్తలకును నేను విన్నవించునది ఇంతియే. తెలియని పదము కనఁబడినచో ముందుగా నెత్తి వ్రాయుఁడు. గాజుపనివాఁడు కూర్పుముద్ర నెత్తినట్లే. మీ యభిప్రాయమును బ్రక్కను జేర్పుఁడు. అది ఆగమమై మిత్రునివలె నిలుచును. తప్పనిచోఁ గ్రొత్తపాఠమును నిలుపుఁడు గాని, అంచునఁ దేదీ గీయుఁడు. తాళపత్రమునకుఁ దేమ, చెదలు, గాలి. గాజునకు సీసము, వాన, రాయి. రెంటికిని సమానశత్రువు తనకుఁ దెలిసినదియే సర్వమనుకొను పండితుని చేయి. ఆ చేయి నాదియుఁ గావచ్చును గనుకనే ఈ నాలుగు మాటలు వ్రాసితిని. దోషములున్న విజ్ఞులు సూచింతురు గాక. కాని నా వ్రాఁతను దిద్దునపుడు దయచేసి యడుగున గుఱుతు పెట్టుదురు గాక.